సాయంత్రం ఐదింటి మీటింగ్ పూర్తయింది

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల తాళాల మెకానిక్ గోడకి జారగిలబడి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పనిముట్ల సంచి. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎక్కబోయిన ఆవిడ "కాస్త జరుగు బాబూ" అంది. అతను జరగలేదు. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, దోమ కుట్టినంత మచ్చ.

మర్నాడు పొద్దున్నే ఆ కబురు వాటర్ ఫిల్టర్ల కంపెనీకి చేరింది.

ఆ కంపెనీ సంగతి ముందు చెప్పాలి. నాలుగో అంతస్తు. గాజు తలుపు మీద నీటిచుక్క బొమ్మ. రిసెప్షన్‌లో బుడబుడమంటూ ఒక డెమో ఫిల్టర్. దాని వెనక కోడ్ లాక్ ఉన్న స్టీలు తలుపు. ఇన్నేళ్ళలో ఆ కంపెనీ అమ్మిన ఫిల్టర్ ఒకే ఒక్కటి. అదీ ఎవరో దారి తప్పి లోపలికొచ్చి కొనుక్కుపోయారు. దాని మీద కంప్లయింటు ఇంకా తేలలేదు. తేలదు కూడా. అది ఫిల్టర్ల కంపెనీ అయితే కదా! గూఢచారి డిపార్ట్‌మెంటు తగిలించుకున్న ముసుగు అది. అక్కడి భాషలో ఇన్ఫార్మర్ అంటే కస్టమర్. ఏజెంట్ అంటే సేల్స్‌మన్. రహస్య సమాచారం అంటే ఆర్డర్. పరాయివాడు కంప్యూటర్లోకి తొంగిచూసినా నీళ్ళ వ్యాపారం తప్ప ఇంకేమీ కనబడకూడదు.

"పాతకాపూ, కూర్చో," అన్నాడు బాస్.

పాతకాపు కూర్చున్నాడు. యాభై దాటిన ఏజెంటు. అసలు పేరు సర్వీస్ రికార్డులో ఎక్కడో ఉండాలి. ఆ పేరుతో పిలిచే ఒక్కగానొక్క మనిషి, భార్య, పళ్ళ డాక్టర్ని చేసుకుని వెళ్ళిపోయింది. పుట్టినరోజుకి అతనికి బ్యాంకు నుంచి శుభాకాంక్షలు వస్తాయి. వాటిలోనూ పేరు తప్పే.

"పోయిన వారం కొరియర్ ఆఫీసు గుమాస్తా. నిన్న తాళాలవాడు. ఇద్దరూ మన కస్టమర్లే. పని కాంపాస్‌ది," అన్నాడు బాస్.

కాంపాస్ అంటే సరిహద్దు అవతల నుంచి నడిచే ముఠా. వాళ్ళ మనుషుల మీద కన్నేసి ఉంచేది ఈ కస్టమర్లే. కళ్ళు ఒక్కొక్కటే పీకేస్తే డిపార్ట్‌మెంటు గుడ్డిదైపోతుంది.

"లీక్ ఎక్కడ సార్?"

"తెలిస్తే నీ మొహం ఎందుకు చూస్తాను పొద్దున్నే? కస్టమర్ల వివరాలు ఉన్నది ఒక్కచోటే, మన సాఫ్ట్‌వేర్లో. అందరి ఫోన్లూ ట్యాప్ చేయించాను. మెయిళ్ళు చదివించాను. బయటికి ఒక్క ముక్క పోలేదు. అయినా హంతకుడికి ఎవర్ని, ఎక్కడ, ఎప్పుడు అన్నీ తెలుస్తున్నాయి. ఎలా?"

"నన్ను అనుమానిస్తున్నారా?"

"నిన్నా? రహస్యం చెప్పడానికైనా నీకు ఎవరన్నా ఉండాలిగా." బాస్ నవ్వలేదు. అతను జోకు వెయ్యలేదు మరి. "ట్రైనర్ నీకు తోడుంటుంది. సాయంత్రానికల్లా రిపోర్టు కావాలి."

ట్రైనర్ వచ్చింది. ఆమెకన్నా ముందు ఆమె సెంటు వచ్చింది. బూడిదరంగు సూటు, ఎత్తు మడమల చెప్పులు, నవ్వితే గదిలో ఇంకో బల్బు వెలిగినట్టుంటుంది. డిపార్ట్‌మెంటు వాళ్ళకి ఆ సాఫ్ట్‌వేర్ నేర్పడానికి వచ్చింది. అది పైకి. లోపల ఆమె డబుల్ ఏజెంట్. కాంపాస్ దగ్గర జీతం పుచ్చుకుంటూ వాళ్ళ గుట్టు మనకి చేరవేస్తుందని ఫైలు చెబుతోంది.

ఆమె కుర్చీ లాక్కుని పాతకాపు పక్కన కూర్చుంది. ఆడమనిషి మోచెయ్యి తన మోచేతికి తగిలి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. తగిలిన మోచేతిని కదపకుండా అలాగే ఉంచాడు.

"ఇది కస్టమర్ పేజీ," అంది తాళాలవాడి పేరు నొక్కి. "పైన 'రాబోయేవి'. ఎవరు ఏ పని పెట్టుకున్నా అది అందరికీ కనబడుతుంది, టైముకి గంట కూడా కొడుతుంది. కింద 'జరిగినవి'. ఫోన్ చేస్తే ఫోన్ బొమ్మ, ఉత్తరానికి కవరు బొమ్మ, కలిస్తే క్యాలెండర్ బొమ్మ. కొత్తది పైన, పాతది కింద. బాణం నొక్కితే వివరాలు విప్పుకుంటాయి."

"ఇక్కడ ఈ గరాటు బొమ్మ ఏంటండీ?"

"ఫిల్టర్. ఇప్పుడది 'నా యాక్టివిటీలు' మీద ఉంది. అంటే జరిగినవాటిలో మీరు రాసినవే మీకు కనబడతాయి. దాని జోలికి మాత్రం వెళ్ళకండి. పేజీ మొత్తం చిందరవందరైపోతుంది. మళ్ళీ నేనే రావాలి."

"వస్తే మంచిదేగా," అన్నాడు పాతకాపు. అని నాలుక్కరుచుకున్నాడు.

ఆమె నవ్వింది. గదిలో బల్బు వెలిగింది.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ పేజీలు తిరగేశారు. ఏమీ దొరకలేదు. ట్రైనర్ పని ఉందని బయటికి వెళ్ళింది. బాస్ మంత్రిగారికి సంజాయిషీ చెప్పుకోవడానికి వెళ్ళాడు. మిగతా సేల్స్‌మెన్ వాళ్ళ వాళ్ళ కస్టమర్లని దాచే పనిలో ఉన్నారు. ఆఫీసంతా ఖాళీ. ఏసీ చప్పుడు, పాతకాపు ఊపిరి చప్పుడు.

ఒంటరిగా ఉన్నప్పుడు కొందరు ఫొటో ఆల్బమ్ తీస్తారు. పాతకాపుకి ఆల్బమ్ లేదు. అతను లాండ్రీ అక్క పేజీ తీశాడు.

రెండు వీధుల అవతల చిన్న లాండ్రీ ఆమెది. ఒకప్పుడు కాంపాస్ పెద్దమనిషి బట్టలు అక్కడికే వచ్చేవి. జేబుల్లో మర్చిపోయిన చీటీలు, టికెట్లు ఆమె పాతకాపుకి అందించేది. తర్వాత ఆ పెద్దమనిషి బదిలీ అయిపోయాడు. బట్టలు ఆగిపోయాయి. కస్టమర్ దగ్గర ఆర్డర్లు ఆగితే పేజీ మూసెయ్యాలని రూలు. పేజీ మూస్తే ఏజెంటు మళ్ళీ అక్కడ అడుగుపెట్టకూడదు.

పాతకాపు పేజీ మూయలేదు. వారం వారం చొక్కాల సంచితో వెళ్ళేవాడు. ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద, వెచ్చటి ఆవిరిలో కూర్చునేవాడు. ఆమె బట్టలిచ్చిపోయిన ఎవరినో తిడుతూ ఉంటే వినేవాడు. ఆఫీసుకి వచ్చి రాసేవాడు: 'మీటింగ్. ముఖ్య సమాచారం అందింది. వివరాలు నోటి ద్వారా.' ఏళ్ళ తరబడి అదే. ఇప్పుడా పేజీ కిందికి జరుపుతుంటే క్యాలెండర్ బొమ్మలు ఒకదాని కింద ఒకటి, రైలు పెట్టెల్లా. చలికాలం మీటింగులు. వానాకాలం మీటింగులు. తన జీవితంలో జరిగినవి ఏమైనా ఉన్నాయంటే ఇవే.

తిరిగి పైకి జరపబోతే వేలు జారి గరాటు బొమ్మ మీద పడింది. 'అందరి యాక్టివిటీలు' వెలిగింది.

పేజీ చిందరవందర కాలేదు. ఒక్క వరస ఎక్కువైంది, అంతే. అన్నిటికన్నా పైన. అతను రాసింది కాదు.

'మీటింగ్ – పూర్తయింది. ఈ రోజు, సాయంత్రం ఐదు. స్థలం: లాండ్రీ. హాజరు: సర్వీస్ టెక్నీషియన్.'

పాతకాపు గోడ గడియారం చూశాడు. నాలుగున్నర కూడా కాలేదు.

జరగని మీటింగు పూర్తవడమేంటి? బాణం నొక్కాడు. 'కాలర్ మీద మరక చూపించాలి. వంగుతుంది.' రాసినవాళ్ళు: ట్రైనర్.

తాళాలవాడి పేజీ తీశాడు. అక్కడా ఫిల్టర్ మార్చాడు. 'మీటింగ్ – పూర్తయింది. స్థలం: లిఫ్ట్.' చచ్చింది సాయంత్రం, రాసింది ఆ రోజు పొద్దున్న.

అతనికి అర్థమైంది. రాబోయేవాటిలో పెడితే అందరి కళ్ళూ పడతాయి, గంట కొడుతుంది. అదే పూర్తయిందని టిక్కు పెడితే కిందికి జారిపోయి, ఎవరి ఫిల్టర్ చాటున వాళ్ళకి మాయమైపోతుంది. ట్రైనర్ హంతకుడికి ఒక టెక్నీషియన్ లాగిన్ ఇచ్చింది. వాడు ఫిల్టర్ మార్చుకుని చదువుకుంటాడు. ఫోనక్కర్లేదు, ఉత్తరమక్కర్లేదు. జరగబోయే చావుని జరిగిపోయినట్టు రాసిపెడితే చాలు. జరిగిపోయినదాన్ని తవ్వి చూసేదెవరు, వేరే పనిలేని ఒంటరి వెధవ తప్ప?

ఫోన్ తీశాడు. వెనక సెంటు వాసన వచ్చింది.

"దాని జోలికి వెళ్ళొద్దన్నానా?"

ట్రైనర్ స్టీలు తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడి ఉంది. చేతిలో లిప్‌స్టిక్. మూత తీసి ఉంది. అందులో ఉన్నది రంగు కాదని పాతకాపుకి వేరే చెప్పక్కర్లేదు.

"ఫోన్ ఇటు తొయ్. కూర్చో. ఐదు దాటగానే నేను వెళ్ళిపోతాను, నువ్వూ ఇంటికి పోవచ్చు. ఇంట్లో కంగారుపడేవాళ్ళెవరూ లేరులే."

పొద్దున 'మీరు'. ఇప్పుడు 'నువ్వు'. పాతకాపు ఫోన్ తోశాడు.

"ఆవిడ బట్టలుతుక్కునే మనిషి. ఆవిడకేం తెలుసని?"

"నన్నడుగుతావేం? ఆ పేజీ రాసింది నువ్వేగా. డిపార్ట్‌మెంటు మొత్తంలో ఇంత పొడుగు హిస్టరీ ఇంకెవరికుంది? వారం తప్పకుండా మీటింగ్. ప్రతిసారీ ముఖ్య సమాచారం. అదీ కాగితం మీద పెట్టలేనంత రహస్యం! మా పైవాళ్ళు చూసి బిత్తరపోయారు. లాండ్రీలో ఇంత పెద్ద గూఢచారిణి ఉంటే ఇన్నాళ్ళూ ఏం గాడిదలు కాస్తున్నారని నన్ను తిట్టారు. మాకు కావలసింది ఆవిడే. ముందు పోయిన ఇద్దరూ దారిలో అడ్డొచ్చారంతే."

లాండ్రీ అక్కని కాంపాస్ తనంతట తాను కనిపెట్టలేదు. తనే చూపించాడు. వారం వారం, తన చేత్తో, బాణం గుర్తు వేసి మరీ.

"ఏమీ లేదు," అన్నాడు.

"ఏంటి?"

"సమాచారం ఏమీ లేదు. అంతా అబద్ధం. ఊరికే వెళ్ళేవాణ్ణి."

"ఊరికే అంటే?"

"కూర్చోడానికి."

ఆమె కళ్ళు చిట్లించి చూసింది. అతని మొహంలో ఏం కనబడిందో, నమ్మింది. ఆమె మొహంలో మొదట నవ్వు, తర్వాత ఇంకేదో వచ్చి ఆగిపోయింది.

"అయ్యో రామా," అంది మెల్లిగా. "ఇంత పెద్ద ఆఫీసులో... నన్నయినా కాఫీకి పిలవొచ్చుగా."

"ఆపెయ్. ఇప్పుడైనా ఆ మీటింగ్ రద్దు చెయ్."

"చేస్తే ఎవడు చూస్తాడు? వాడు చదివేసి బయల్దేరాడు. ఫోన్ వాడొద్దని వాడికి నేనే నేర్పాను. అయినా మా పైవాళ్ళకి పొరపాటు పడ్డామని చెప్పి ఎవరూ బతికి బయటపడలేదు."

గడియారం ముల్లు జరుగుతోంది. పాతకాపు మెడ వంచుకున్నాడు, ఓడిపోయినవాడిలా. అలా కూర్చోవడం అతనికి కష్టం కాదు.

"నీళ్ళు తాగొచ్చా?"

"తాగు. చేతులు కనబడాలి."

మూలన స్టాండు మీద పెద్ద నీళ్ళ క్యాన్ ఉంది. వేరే కంపెనీది. తమ ఫిల్టర్ నీళ్ళు ఆఫీసులో ఎవరూ తాగరు. పాతకాపు గ్లాసు తీశాడు, వంగాడు, వంగినవాడు వంగినట్టే స్టాండుని భుజంతో ఎత్తి కొట్టాడు. క్యాన్ నేలకి తగిలి పగిలింది. నీళ్ళు ఒక్కసారిగా గదంతా పరుచుకున్నాయి. ఎత్తు మడమలు జారాయి. లిప్‌స్టిక్ 'టిక్' మంది, సూది పోయి సీలింగులో దిగింది. ఆమె లేచేలోగా అతను స్టీలు తలుపు దాటి, బయటి నుంచి కోడ్ మార్చేశాడు.

రిసెప్షన్ ఫోన్ ఎత్తాడు. లైను తెగి ఉంది. వైరు కత్తిరించే వచ్చింది మహాతల్లి. పక్క ఆఫీసులో ఫోన్ అడుగుదామన్నా లాండ్రీ నంబరు నోటికి రాదు. ఏళ్ళ తరబడి వెళ్ళిన మనిషి నంబరు కూడా ఆ పేజీలోనే ఉంది.

మెట్ల దారి పట్టాడు. వీధిలో పడ్డాడు. ఆఫీసులు వదిలే వేళ. గొడుగులు, బ్యాగులు, బ్రేకులు. "చూసుకో నాయనా, చావాలనుందా?" అని ఎవరో అరిచారు. ఒకాయన భుజానికి గుద్దుకున్నాడు, సారీ చెప్పడానికి ఊపిరి చాల్లేదు. రెండో వీధి మలుపులో ఛాతీలో పోటు. ఆగితే అక్కడే కూలబడతానని తెలిసి ఆగలేదు. జేబులో డిపార్ట్‌మెంటు వాళ్ళిచ్చిన పెన్ను ఉంది. క్యాప్ తిప్పితే నిద్రమత్తు బాణం. ఒకటే బాణం.

లాండ్రీ గాజు తలుపు ఆవిరితో మసకబారి ఉంది. లోపల ముసలాయన ఒకడు. నెరిసిన గడ్డం, చేతికర్ర, చేతులకి గ్లవ్స్. కౌంటర్ మీద ఓవర్‌కోటు పరిచాడు.

"కాలర్ మీద చూడమ్మా. ఏం మరకో ఏమిటో, ఎవరూ తియ్యలేకపోతున్నారు."

"తియ్యలేని మరక నా షాపులో లేదండీ," అంటూ లాండ్రీ అక్క కళ్ళజోడు సర్దుకుని దీపం కిందికి వంగింది. పెద్ద ఒళ్ళు, ముడివేసిన జుట్టు, తెల్లగా బయటపడ్డ మెడ.

ముసలాయన గడ్డం నెరిసింది కానీ టోపీ కింద జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. చేతికర్ర పిడి లోంచి సన్నగా ఏదో బయటికొచ్చింది.

పాతకాపు తలుపు తోసి పెన్ను తిప్పాడు. బాణం సూటిగా వెళ్ళి, వేలాడుతున్న ఎవరి పెళ్ళిసూటుకో గుచ్చుకుంది. సూటు నిద్రపోయిందేమో తెలీదు. హంతకుడు మాత్రం చెయ్యి ఎత్తాడు.

స్టూలు పక్కనే గోడకి ఎర్ర స్విచ్చి. పైన కొక్కేలకి వేలాడే బట్టల పట్టాలు తిప్పే మోటారు అది. పాతకాపు దాన్ని అరచేత్తో చరిచాడు. పట్టాలు కిర్రుమని కదిలాయి. కోట్లు, కర్టెన్లు, గౌన్లు ఊరేగింపులా వచ్చి హంతకుడి మొహాన్ని చుట్టేశాయి. సూది గాల్లో గీత గీసి కౌంటర్ చెక్కలో దిగింది. అక్క మెడకి బెత్తెడు దూరంలో.

అక్క తల ఎత్తింది. సూది చూసింది. కర్టెన్లలో గింజుకుంటున్న మనిషిని చూసింది. పొగలు కక్కుతున్న ఇస్త్రీపెట్టె తీసి గ్లవ్స్ చేతి మీద ఆనించింది. వాడు పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడింది.

"నా షాపులో నన్నే పొడుస్తావురా? ఇంకో చెయ్యి కూడా పెట్టు, రెండో వైపు కూడా ఇస్త్రీ చేస్తాను!"

గోడ మీద గడియారం సరిగ్గా ఐదు కొట్టింది.

పాతకాపు వాడి చేతులు బట్టల తాడుతో కట్టేసి, ఎప్పటి స్టూలు మీదే కూలబడ్డాడు. అక్క నీళ్ళిచ్చింది.

"తమ్ముడూ, ఊపిరి పీల్చు ముందు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఎవడు వీడు?"

చెప్పాడు. అంతా చెప్పాడు. తను ఏం రాశాడో, ఎన్నేళ్ళు రాశాడో, ఆ రాత వల్ల సూది ఎక్కడిదాకా వచ్చిందో. అక్క కౌంటర్ మీద మోచేతులు ఆనించి వింది.

"అంటే నేను పేద్ద గూఢచారిణినన్న మాట."

"అవునక్కా. రికార్డు ప్రకారం."

"మా ఆయన బతికుంటే పడీపడీ నవ్వేవాడు. ఉప్పుడబ్బా ఎక్కడుందో నాకే గుర్తుండదని తిట్టేవాడు." నవ్వబోయి ఆగింది. కౌంటర్లో దిగబడ్డ సూదిని చూసింది. "నేను చెప్పినవాటిలో ఒక్క ముక్కయినా దేనికైనా పనికొచ్చిందా?"

"ఆ పెద్దమనిషి బదిలీ అయ్యాక... లేదక్కా."

"మరెందుకురా రావడం?"

పాతకాపు ఖాళీ గ్లాసు కౌంటర్ మీద పెట్టాడు.

"పిచ్చివాడా," అంది అక్క. కోపమో జాలో ఆమెకే తెలిసినట్టు లేదు. "వచ్చి కూర్చోడానికి రాత దేనికి? ఊరికే రాకూడదూ? నేను వద్దన్నానా?"

అలా రావచ్చని అతనికెప్పుడూ తోచలేదు.

బాస్ వచ్చాడు, వ్యాను వచ్చింది. స్టీలు తలుపు వెనక ట్రైనర్ తడిసిన సూటుతో, చేతులు కట్టుకుని కూర్చుని దొరికింది. హంతకుడు కట్టు కట్టించుకుంటూనే కాంపాస్ మనుషుల పేర్లన్నీ కక్కేశాడు. ఆపరేషన్ సక్సెస్. మంత్రిగారు బాస్ భుజం తట్టారు. బాస్ తట్టడానికి పాతకాపు భుజం కోసం చూశాడు కానీ, ఫోన్ మోగడంతో మర్చిపోయాడు.

అక్కకి మాత్రం అక్కడ ఉండే యోగం లేదు. కాంపాస్ లిస్టులో మొదటి పేరు ఆమెది. కొత్త ఊరు, కొత్త పేరు, కొత్త షాపు. ఎక్కడో ఏజెంట్లకి కూడా చెప్పరు. పాతకాపుకి అసలే చెప్పరు.

వ్యాను ఎక్కేముందు ఆమె ఒక పొట్లం అతని చేతిలో పెట్టింది. "నీ చొక్కాలు. మూడో దానికి బొత్తాం ఊడితే కుట్టాను. చలికి గొంతు కప్పుకో. వేళకి తిను." తలుపు మూసుకుంది. వ్యాను మలుపు తిరిగింది. పాతకాపు అది తిరిగిన వైపు చూడకూడదని రూలు. చూశాడు.

మర్నాడు బాస్ కేకేశాడు. "పాతకాపూ! ఆ లాండ్రీ పేజీ మూసెయ్. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి."

అతను కుర్చీలో కూర్చున్నాడు. నేల ఇంకా తడిగానే ఉంది. పేజీ తెరిచాడు. పైన 'రాబోయేవి' ఖాళీ. కింద 'జరిగినవి', రైలు పెట్టెల్లా. 'మూసివేయి' నొక్కాడు. సాఫ్ట్‌వేర్ ఊరుకోలేదు. కారణం చెబితేగానీ మూయనంది. ధర నచ్చలేదు. వేరే కంపెనీకి వెళ్ళారు. సేవ బాగాలేదు. కస్టమర్ ఊరు మారారు. ఏదో ఒకటి ఎంచుకోమంది.

పాతకాపు 'కస్టమర్ ఊరు మారారు' మీద నొక్కాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ పేజీలో అతను ఎక్కించినవాటిలో నిజం అదొక్కటే.